గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్‌ను గడువుకు ముందే మారిస్తే వాహనం ఎక్కువ కాలం మన్నుతుందా?

దూరబాట

అందరికీ నమస్కారం. ఈ మధ్యనే కొత్త వాహనం తీసుకున్నాను. మాన్యువల్ గేర్‌బాక్స్, వెనుక ఇరుసులో డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలనూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె), అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ఉన్న బండి ఇది. రెండు మూడేళ్లకోసారి బండి మార్చే అలవాటు నాకు లేదు. దీన్ని వీలైనంత కాలం, పెద్ద మరమ్మతు రాకుండా నడపాలన్నది నా ఆలోచన. వాహనంతో వచ్చిన పుస్తకంలో గేర్‌బాక్స్ ఆయిల్‌కు గడువే రాయలేదు, తనిఖీ చేయమని మాత్రమే ఉంది. డిఫరెన్షియల్‌కు 1,00,000 కి.మీ. అని ఉంది. అనుభవజ్ఞులు కొందరు మాత్రం మొదటి ఆయిల్‌ను కొద్ది వేల కిలోమీటర్లకే తీసివేయాలని గట్టిగా చెబుతున్నారు. ఇందులో నిజంగా ప్రయోజనం ఉందా, ఉంటే ఎందువల్ల, ముందుగా మార్చడంవల్ల ఏదైనా హాని జరిగే అవకాశం ఉందా అన్నవి తెలిసినవారు వివరిస్తే మేలు.

ఇరుసు

గేర్‌బాక్సులు, డిఫరెన్షియళ్లు విప్పి బాగుచేయడమే నా వృత్తి కాబట్టి, లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

కొత్త గేర్ల పళ్లు ఎంత నునుపుగా కోసినా సూక్ష్మదర్శిని కింద ఎత్తుపల్లాలుగానే కనిపిస్తాయి. పళ్లు ఒకదానిమీద ఒకటి బరువుతో తిరగడం మొదలైనప్పుడు ఆ ఎత్తులు అరిగి, ఉపరితలాలు ఒకదానికొకటి కుదురుకుంటాయి. ఈ కుదురుకోవడం అవసరమే. కానీ అప్పుడు రాలిన ఇనుప రజను ఎక్కడికి పోతుంది? ఇంజన్‌కు ఆయిల్ ఫిల్టర్ ఉంటుంది. మాన్యువల్ గేర్‌బాక్సుల్లో చాలావాటికీ, మామూలు డిఫరెన్షియల్‌కూ, చాలా ట్రాన్స్‌ఫర్ కేసులకూ ఫిల్టర్ ఉండదు. రాలినది రాలినట్టు ఆయిల్‌లోనే తిరుగుతూ, పళ్ల మధ్యకూ బేరింగుల రోలర్ల కిందికీ మళ్లీ మళ్లీ చేరుతుంది. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే కొంత పట్టుకుంటుంది. అయితే అది పట్టేది ఉక్కునే. గేరు మార్చేటప్పుడు వేగాలను సమానం చేసే సింక్రోనైజర్ రింగుల నుంచి వచ్చే ఇత్తడి పొడినీ, అల్యూమినియం పెట్టె లోపలి పొడినీ, తయారీలో మిగిలిన ఇసుకలాంటి మలినాన్నీ అయస్కాంతం ఏమీ చేయలేదు.

డిఫరెన్షియల్ విషయంలో ఇది మరింత ముఖ్యం. వెనుక ఇరుసులో ఉండే హైపాయిడ్ గేర్లు దొర్లడంతోపాటు ఒకదానిమీద ఒకటి జారుతూ కూడా తిరుగుతాయి. ఆ జారుడు వల్లనే మొదట్లో అరుగుదల, వేడి రెండూ ఎక్కువ. ఇరుసులో కొత్త క్రౌన్ వీల్, పీనియన్ (ఆ హైపాయిడ్ గేర్ల జత) బిగించిన తరువాత 500 మైళ్లకు, అంటే సుమారు 800 కి.మీ.కు ఆయిల్ మార్చాలని ఆ గేర్ల తయారీదారులు సాధారణంగా చెబుతారు. కర్మాగారంలో బిగించినా, మరమ్మతుశాలలో బిగించినా లోహం లోహమే కదా! అందుకే కొత్త బండికి డిఫరెన్షియల్ ఆయిల్‌ను మొదటి కొద్ది వేల కిలోమీటర్లలో ఒకసారి మార్చమని నన్ను అడిగినవారందరికీ చెబుతాను. దూరబాటగారూ, మీరు ఒక్కటే చేయదలిస్తే అది చేయండి.

నిదానం

ఇరుసుగారి అనుభవాన్ని గౌరవిస్తూనే, రెండో వైపు కూడా చెప్పవలసి ఉంది. తయారీదారు 1,00,000 కి.మీ. అని రాసినప్పుడు అది గాలిలోంచి తీసిన అంకె కాదు. పరీక్షా వేదికల మీద, రహదారుల మీద నడిపి చూసి, మొదటి రజను కూడా లోపలే ఉంటుందని తెలిసే ఆ గడువు పెడతారు. రజనులో చాలా భాగం అడుగున పేరుకుంటుంది. ఎప్పుడూ ఆయిల్ మార్చకుండానే రెండు లక్షల కిలోమీటర్లు దాటిన మాన్యువల్ గేర్‌బాక్సులు ఎన్నో ఉన్నాయి.

ఇక హాని సంగతి. విప్పిన ప్రతిసారీ కొన్ని ప్రమాదాలుంటాయి: తప్పుడు రకం ఆయిల్ పోయడం, మట్టం తక్కువగా వదిలేయడం, అల్యూమినియం పెట్టెలో బోల్టు మరలను చెడగొట్టడం, నింపే రంధ్రం చుట్టూ ఉన్న దుమ్మును లోపలికి తోయడం. శ్రద్ధలేని చేతుల్లో జరిగే మార్పుకంటే, కర్మాగారంలో నింపిన ఆయిల్‌ను కదిలించకపోవడమే మంచిది. తగిన కారణం లేకుండా మంచి ఆయిల్‌ను పారబోయడం కూడా నాకు సమ్మతం కాదు.

తైలశాల

కందెనల పరీక్షాశాలలో పనిచేస్తాను. పైన చెప్పిన రెండు మాటల్లోనూ నిజముంది. అయితే రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. ఆయిల్‌లో చేరిన మలినం ఒకటి, ఆయిల్ తానే చెడిపోవడం రెండోది. ఈ రెండింటి కాలక్రమాలు పూర్తిగా వేరు.

మలినం మొదట్లోనే ఎక్కువగా పుడుతుంది. గేర్ల అరుగుదలను గ్రాఫుగా గీస్తే మొదట నిటారుగా లేచి, తరువాత చాలాకాలం దాదాపు అడ్డంగా సాగుతుంది. గేరు పళ్ల మధ్య నిలిచే ఆయిల్ పొర మందం ఒక మైక్రాన్‌కు అటూఇటూ ఉంటుంది. అంతకంటే పెద్ద రేణువు ఏదైనా ఆ పొరను దాటి లోహాన్ని గీయగలదు, బేరింగు దారిలో నొక్కును మిగల్చగలదు. ఆ నొక్కు అంచునుంచే తరువాతి కాలంలో పెచ్చులూడడం మొదలవుతుంది. అడుగున పేరుకున్న రజను అక్కడే ఉండిపోతుందన్న నిదానంగారి మాటతో అందుకే పూర్తిగా ఏకీభవించలేను. పెద్ద రేణువులు దిగుతాయి. సన్నవి, అంటే ఆయిల్ పొర మందానికి దగ్గరగా ఉండేవి, గేర్లు చిలుకుతున్నంతసేపూ తేలుతూనే ఉంటాయి. హాని ఎక్కువగా చేసేవి అవే.

ఆయిల్ చెడిపోవడం మాత్రం నెమ్మదిగా సాగే వ్యవహారం. గంధకం, భాస్వరం కలిగిన రసాయనాలు అధిక పీడనం కింద ఉక్కుతో చర్య జరిపి పలుచని రక్షణ పొరను ఏర్పరుస్తాయి. పని చేస్తున్నకొద్దీ అవి ఖర్చవుతాయి. చిక్కదనాన్ని నిలబెట్టే పొడవాటి అణువులు గేర్ల మధ్య తెగి, ఆయిల్ పలుచబడుతుంది. వేడికి ఆక్సీకరణం జరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఆ చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది మా రంగంలో వాడుకలో ఉన్న స్థూలమైన లెక్క. వీటిలో ఏదీ 5,000 కి.మీ.లో పూర్తికాదు. కాబట్టి మొదటిసారి త్వరగా మార్చడానికి కారణం ఆయిల్ పాడవడం కాదు, అందులోని లోహం. ఆ ఒక్కసారి అయ్యాక కూడా ప్రతి 5,000 కి.మీ.కు మార్చుతూ పోవడానికి, మామూలు వాడకంలో, నాకు కారణం కనిపించదు. నిదానంగారి ఆక్షేపణ అక్కడ సరైనదే.

ఊహలతో పని లేకుండా తేల్చుకోవాలంటే ఆయిల్‌ను పరీక్షకు పంపవచ్చు. కారుతున్న ధార మధ్యలో నమూనా పట్టాలి. మొదటి చుక్కలూ చివరి చుక్కలూ వద్దు. ఇనుము, రాగి ఎంత ఉన్నాయో మిలియన్‌కు ఇన్ని వంతులుగా వస్తుంది. ఆ అంకెను ఒంటరిగా చూడకుండా, నడిచిన కిలోమీటర్లతో భాగించి, తరువాతి నమూనాతో పోల్చాలి. కొత్త బండి నమూనాలో సిలికాన్ ఎక్కువగా కనిపిస్తే వెంటనే దుమ్ము అనుకోకండి. పెట్టె అతుకులకు పూసే సీలెంట్ నుంచి కూడా సిలికాన్ వస్తుంది.

కొండదారి

నేను బరువైన ట్రెయిలర్‌ను లాగుతూ కొండదారుల్లో ఎక్కువగా నడుపుతాను. మామూలు వాడకం, కఠిన వాడకం అన్న విభజన చాలా వాహనాల పుస్తకాల్లో ఉంటుంది, కానీ చదివేవారు తక్కువ. బరువు లాగడం, నిలువు ఎక్కుళ్లు, విపరీతమైన దుమ్ము, ఆగుతూ సాగుతూ ఉండే రద్దీ, నీళ్లలోంచి వెళ్లడం కఠిన వాడకం కిందికి వస్తాయి. వాటికి గడువు చాలాసార్లు సగానికి తగ్గించి రాస్తారు. మనం ముందుగా మార్చడం అనుకుంటున్నది నిజానికి మన వాడకానికి రాసిన అసలు గడువే కావచ్చు. కొత్త బండితో మొదటి 800 కి.మీ. వరకు ట్రెయిలర్ లాగవద్దని కొందరు తయారీదారులు రాయడానికి కూడా ఇరుసుగారు చెప్పిన కుదురుకోవడమే ఒక కారణం.

నీటి గురించి ఒక మాట. చాలా దూరం నడిచి వేడెక్కిన ఇరుసును చల్లని నీటిలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, శ్వాస గొట్టం నుంచీ సీళ్ల అంచుల నుంచీ నీటిని లోపలికి పీలుస్తుంది. ఇరుసు మునిగేంత నీటిని దాటితే, నడిచిన కిలోమీటర్లతో సంబంధం లేకుండా డిఫరెన్షియల్ ఆయిల్‌ను చూడండి. పాలలా తెల్లగా ఉంటే ఆ వారంలోనే మార్చండి. నీరు కలిసిన ఆయిల్‌తో నెలల తరబడి నడిపితే బేరింగులకు తుప్పు పడుతుంది, అప్పుడు ఎంత మంచి ఆయిల్ పోసినా తిరిగిరాదు.

దూరబాట

ఎంతో విలువైన వివరణ, అందరికీ కృతజ్ఞతలు. మరో సందేహం. గేర్‌బాక్స్‌కూ డిఫరెన్షియల్‌కూ ఒకే 75డబ్ల్యూ-90 ఆయిల్ పోయవచ్చునని ఒకరన్నారు. నా పుస్తకంలో గేర్‌బాక్స్‌కు జీఎల్-4, డిఫరెన్షియల్‌కు జీఎల్-5 అనే ఆయిల్ ప్రమాణం రాసి ఉంది. రెండోది మెరుగైనది కనుక రెండింటికీ అదే పోస్తే నష్టమేమిటి?

తైలశాల

వద్దు. జీఎల్-5 అనేది జీఎల్-4 కంటే పైమెట్టు కాదు, వేరే పనికి చేసినది. హైపాయిడ్ గేర్ల జారుడును తట్టుకోవడానికి అందులో అధిక పీడన రసాయనాలు సుమారు రెట్టింపు ఉంటాయి. మీ గేర్‌బాక్స్‌లో సింక్రోనైజర్ రింగులు ఇత్తడివైతే, చురుకైన గంధకం వేడిలో ఆ ఇత్తడిని తినగలదు. దానికి తోడు, సింక్రోనైజర్ పనిచేయాలంటే రింగుకూ అది నొక్కుకునే గేరు కోనుకూ మధ్య తగినంత రాపిడి ఉండాలి. మరీ జారుడుగా ఉండే ఆయిల్‌లో వేగాలు సమానం కాకముందే గేరు తోయవలసి వచ్చి, కరకరమన్న చప్పుడు వస్తుంది. రెండు ప్రమాణాలనూ తృప్తిపరిచేలా ప్రత్యేకంగా చేసిన ఆయిళ్లు ఉన్నాయి, వాటి సంగతి వేరు. డబ్బామీద ఉన్న 75డబ్ల్యూ-90 చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది, రసాయనాల గురించి ఏమీ చెప్పదు.

ఇంకొక సంగతి కూడా తెలిస్తే మంచిది. గేర్ ఆయిల్ అంకెలను ఇంజన్ ఆయిల్ అంకెలతో పోల్చకూడదు, రెండు కొలమానాలూ వేరు. 100 డిగ్రీల దగ్గర 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ చిక్కదనం, 40 శ్రేణి ఇంజన్ ఆయిల్‌కు దగ్గరగా ఉంటుంది.

ఇరుసు

స్వయంగా మార్చదలిస్తే పని క్రమం రాస్తున్నాను, ఎందుకంటే నిదానంగారు చెప్పిన ప్రమాదాలన్నీ నిజమైనవే, అన్నీ తప్పించుకోగలిగినవే.

బండిని కొంత దూరం నడిపి ఆయిల్ గోరువెచ్చనయ్యాక, నాలుగు చక్రాలూ ఒకే మట్టంలో ఉండేలా సమతలంగా నిలపండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి వెళ్లవద్దు, స్టాండులు పెట్టండి. రెండు బోల్టుల చుట్టూ మట్టిని శుభ్రంగా తుడవండి. ఆ తరువాత ముందుగా విప్పవలసినది పైనున్న నింపే బోల్టు, కింది డ్రెయిన్ బోల్టు కాదు. ఉన్న ఆయిల్‌ను కార్చేశాక నింపే బోల్టు తుప్పుపట్టి కదలకపోతే, బండి ఖాళీ పెట్టెతో అక్కడే నిలిచిపోతుంది.

డ్రెయిన్ బోల్టు తీశాక అయస్కాంతాన్ని వేళ్లతో తడిమి చూడండి. కాటుకలా మెత్తగా, బూడిదరంగులో ఉన్న ముద్ద సహజం, మొదటిసారి అది ఎక్కువగానే ఉంటుంది. గోటికి గుచ్చుకునే పలుకులు, పెచ్చులు, పంటి ముక్క ఆకారంలో ఏదైనా కనిపిస్తే అది ఆయిల్ మార్చి వదిలేసే విషయం కాదు. ఆ ముక్కలను దాచి, పెట్టె విప్పించి చూపించాలి. అయస్కాంతం తుడిచి, కొత్త వాషర్ వేసి, పుస్తకంలో రాసిన బిగింపు మేరకు టార్క్ రెంచితో బిగించండి. నింపే రంధ్రం అంచునుంచి ఆయిల్ సన్నగా బయటికి కారడం మొదలయ్యే వరకు పోస్తే చాలా పెట్టెల్లో మట్టం సరిపోయినట్టే, అయితే కొన్నింటిలో అంచుకు కొంచెం కింద ఉండాలని రాస్తారు కాబట్టి ముందే చదవండి. పరిమిత జారుడు (లిమిటెడ్ స్లిప్) డిఫరెన్షియల్ అయితే దాని క్లచ్ పలకలకు కావలసిన రాపిడి సవరణి (రాపిడిని తగినట్టు మార్చే రసాయనం) ఆయిల్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే మలుపుల్లో వెనుకనుంచి వణుకు, గొణుగుడు వినిపిస్తాయి.

తీసిన ఆయిల్‌ను కూలెంట్‌తోనూ, బ్రేక్ ద్రవంతోనూ కలపకుండా వేరుగా పట్టి, వాడిన ఆయిల్ సేకరించేవారికి ఇవ్వండి. కలిసిపోతే దాన్ని తిరిగి శుద్ధి చేయడం కష్టమవుతుంది.

నిశ్శబ్దయానం

నా ప్రశ్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి. 1,60,000 కి.మీ. నడిచిన బండి, ఆయిల్ ఎప్పుడూ మార్చలేదు, జీవితకాలానికి నింపినదని రాసి ఉంది. గేర్లు ఇప్పటికీ మెత్తగానే పడుతున్నాయి. ఇంత ఆలస్యంగా మారిస్తే గేర్‌బాక్స్ పాడవుతుందని పలువురు భయపెడుతున్నారు. ఇది నిజమేనా?

తైలశాల

ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలిసినంతవరకు చెబుతాను. చాలామందికి ఆటోమేటిక్ ఆయిల్ గుర్తుకువచ్చేది గేర్లు జారడం మొదలైన తరువాతే. అప్పటికే క్లచ్ పలకల పూత అరిగి ఉంటుంది, కొత్త ఆయిల్ దాన్ని తిరిగి పుట్టించలేదు. కొద్ది రోజులకు గేర్‌బాక్స్ ఆగిపోతే నింద ఆయిల్ మార్పుమీద పడుతుంది. తప్పు రకం ద్రవం పోయడం, మట్టాన్ని సరైన ఉష్ణోగ్రతలో చూడకపోవడం కూడా నిజమైన కారణాలే. మీ బండిలో జారుడు, కుదుపు లేవు కనుక మార్చడం మంచిదే.

జీవితకాలం అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. ఎవరి జీవితకాలమో అక్కడ రాయరు. జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ సంస్థ చేసే ఆటోమేటిక్ గేర్‌బాక్సులను వాడే కార్ల పుస్తకాల్లో కొన్ని జీవితకాలం అంటాయి; అదే గేర్‌బాక్సులకు జెడ్‌ఎఫ్ మాత్రం నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కి.మీ.కు, లేదా ఎనిమిదేళ్లకు మార్చమని సిఫారసు చేస్తుంది. చేసినవారి మాటను నేను ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటాను.

యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగించడం మీ విషయంలో నాకు ఇష్టం లేదు. ఎన్నో ఏళ్లుగా మూలల్లో స్థిరపడిన మడ్డి కదిలి, గేర్లు మార్చడానికి ద్రవాన్ని దారి మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో చిక్కుకునే అవకాశం ఉంది. కార్చి, నింపి, నడిపి, మళ్లీ కార్చే పద్ధతి నెమ్మదైనా సురక్షితం. ఇంజన్ శక్తిని ద్రవం ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో ఉన్న ద్రవం కిందికి కారదు కాబట్టి ఒకసారికి మొత్తం మారదు. ఉదాహరణకు మొత్తం 10 లీటర్లలో 4 లీటర్లే బయటికి వస్తే, మొదటిసారికి 40 శాతం కొత్తది. రెండోసారికి 64, మూడోసారికి సుమారు 78 శాతం. ప్రతిసారికీ మధ్య కొన్ని వందల కిలోమీటర్లు నడపండి. మొదటి మార్పులోనే అడుగు పళ్లెం దించి ఫిల్టర్ మార్చించి, పళ్లెంలోని అయస్కాంతాలను తుడిపించండి.

ఆటోమేటిక్ ద్రవంలో రాపిడి సవరణులు ఎంత కీలకమో చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. ఒకప్పుడు ఆ పనికి స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. 1970ల మొదట్లో అమెరికాలో ఆ తిమింగలాల రక్షణకు చట్టాలు వచ్చి ఆ నూనె దొరకకుండా పోయినప్పుడు, దాని స్థానంలో సరైన రసాయనాలను వెతకడానికి కందెనల పరిశ్రమ చాలా శ్రమపడవలసి వచ్చింది. మీ టార్క్ కన్వర్టర్ క్లచ్ పట్టుకునే వేళ, రోడ్డు మీది గరుకు గీతల మీద వెళ్తున్నట్టు సన్నని వణుకు వస్తే, ఆ సవరణులు ఖర్చయ్యాయనడానికి అదొక గుర్తు. ఎరుపు రంగు వెలిసినంత మాత్రాన కంగారు అక్కరలేదు, అది కలిపిన రంగే. మాడు వాసనను మాత్రం పట్టించుకోండి.

నిదానం

తైలశాలగారు వేరుచేసి చెప్పిన తీరు నాకు సమంజసంగా ఉంది. ఫిల్టర్ లేని పెట్టెల్లో మొదటి మార్పు త్వరగా చేయడాన్ని నేనిక ఆక్షేపించను. కానీ సీవీటీ (విడి గేర్లు లేకుండా బెల్టు, పుల్లీలతో పనిచేసే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉన్నవారు ఈ చర్చ చదివి, చేతికందిన ఆటోమేటిక్ ద్రవం పోయకూడదు. అందులో ఉక్కు బెల్టు ఉక్కు పుల్లీని రాపిడితోనే పట్టుకుంటుంది. ఆ పట్టుకు సరిపడేలా చేసిన ద్రవం తప్ప మరొకటి పోస్తే బెల్టు జారి, రెండూ గీతలు పడి పాడవుతాయి. తడి క్లచ్చులతో, అంటే ద్రవంలో మునిగి ఉండే క్లచ్చులతో, పనిచేసే జంట క్లచ్ గేర్‌బాక్సులకూ వాటి ప్రత్యేక ద్రవమే పోయాలి. ఫోక్స్‌వాగన్ వారి డీఎస్‌జీ అనే జంట క్లచ్ గేర్‌బాక్సుల్లో, ఆరు గేర్ల తడి క్లచ్ రకానికి ఫిల్టర్‌తో సహా 60,000 కి.మీ. గడువు ఉంది, దాన్ని దాటనివ్వకూడదు. క్లచ్ నుంచి రాలిన పొడి, గేర్లనూ నియంత్రణ వాల్వులనూ తడిపే అదే ద్రవంలో తిరుగుతుంది.

కొండదారి

మోటారు సైకిళ్లు నడిపేవారికి ఈ చర్చలో కొత్తేమీ కనిపించకపోవచ్చు. ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉండే బళ్లకు మొదటి ఆయిల్ మార్పు సుమారు 1,000 కి.మీ. దగ్గరే ఉంటుంది. కారు గేర్‌బాక్స్ కంటికి కనిపించనంత మాత్రాన లోపలి లోహం వేరుగా ప్రవర్తించదు.

దూరబాట

అయితే నా నిర్ణయం ఇలా ఉంది: 5,000 కి.మీ. లోపు డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్, గేర్‌బాక్స్ మూడింటికీ ఒకసారి మార్చి, డిఫరెన్షియల్ నమూనాను పరీక్షకు పంపుతాను; తరువాత కఠిన వాడకపు గడువును పాటిస్తాను. వారంటీ కాలంలో నేనే మార్చుకుంటే ఏదైనా ఇబ్బంది వస్తుందా?

ఇరుసు

పుస్తకంలో రాసిన ప్రమాణపు ఆయిల్ కొన్న రసీదు, మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, డబ్బా వెనుక ప్రమాణం కనిపించే ఫోటో, అయస్కాంతం ఫోటో దాచి ఉంచండి. రేపు గేర్‌బాక్స్‌పై వారంటీ కోరవలసి వస్తే మొదట అడిగేది ఏ ఆయిల్ పోశారనే. స్వయంగా మార్చడంపై మీ వారంటీ నిబంధనల్లో ఏముందో బోల్టు విప్పకముందే చదవండి. అభ్యంతరం ఉంటే అధీకృత సేవాకేంద్రంలోనే, మీరు కోరిన కిలోమీటర్లకు, లిఖితపూర్వకంగా అడిగి చేయించండి. ట్రాన్స్‌ఫర్ కేస్ విషయంలో మాత్రం గేర్ ఆయిల్ పోయాలా, ఆటోమేటిక్ ద్రవం పోయాలా అన్నది ముందే నిర్ధారించుకోండి. ఒక్కో తయారీదారు ఒక్కోటి వాడతారు, పక్కన ఉన్న డిఫరెన్షియల్‌ను చూసి ఊహించకూడదు.